హుస్సేనీ ఆలం చాకులు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా పై అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి తలుపు తట్టాడు. వేటకు వాడే చాకులు, అంటే మడతపడకుండా పిడిలో బిగించి ఉండే రకం, పోగుచేయాలని అతనికి బుద్ధి పుట్టిందట. మా ఆయన దగ్గర అలాంటివి ఉండేవని ఎవరో చెప్పారట. ఫోను తీసి వేలితో తోస్తూ ఒకదాని తర్వాత ఒకటి చూపించాడు. అన్నీ మెరుస్తున్నాయి. "వీటిలో ఎవరు చేసినవి మంచివి ఆంటీ? ఎవరితో మొదలుపెట్టమంటారు?" అని అడిగాడు. బొమ్మ చూసి నేనేం చెప్పను? "ముందు మనిషిని చూసుకో నాయనా, వస్తువు సంగతి తర్వాత" అన్నాను. పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతున్నాననుకున్నాడేమో, ముసిముసిగా నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆ మాట నిజానికి నాది కాదు, మా ఆయనది. దాన్ని ఆయన ఎలా నేర్చుకున్నాడో, నేర్చుకున్నాక కూడా ఎక్కడ పొరబడ్డాడో ఆ రోజంతా గుర్తుకొస్తూనే ఉంది.

అరవైల చివర్లో మా పెళ్ళయింది. మాదన్నపేటలో కూరగాయల మార్కెట్ వెనక సందులో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ఆయనది ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఉక్కు ముక్కల్ని పెద్ద భట్టీల్లో కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచే విభాగం. నేను సైదాబాద్ దగ్గర ఒక ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేదాన్ని. మా ఆయన ఎంత మెత్తని మనిషంటే, ఆదివారం మటన్ దుకాణం ముందు నిలబడి, కత్తి దిగే సమయానికి మొహం పక్కకు తిప్పుకునేవాడు. ఇంట్లో వేలు తెగుతుందేమోనన్న భయంతో కాకరకాయ కూడా ముట్టేవాడు కాదు. అలాంటివాడు శికారు చాకులు, అంటే వేట చాకులు, సేకరిస్తానంటే మా వాడకట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ పిచ్చి ఆయనకు మా మామగారి నుంచి వచ్చింది. మామగారు వయసులో ఉండగా పెద్ద దేవిడీ బంగళా ఉన్న ఒక దొర వేటకు పోతే సామాన్ల బండి తోలేవాడు. అన్నం ముందు కూర్చుంటే చాలు, అడవిలో వేసిన గుడారాలూ, రాతి పొయ్యిల మీద వండిన వంటలూ అన్నీ చెప్పుకొచ్చి, చివరికి ఒక చాకు దగ్గర ఆగేవాడు. దుప్పిని మొత్తం ఒలిచినా సాన పట్టే పని రాని చాకట అది. "దొర పేరు యాదికున్నది, గుర్రం పేరు యాదికున్నది, గా చాకు జేసినోని పేరు మాత్రం అడగనే అడగలే" అనేవాడు. వేట సంగతి కొడుక్కి ఏనాడూ పట్టలేదు. అంత గట్టి వస్తువు ఎవరి చేతిలోంచి వస్తుందో చూడాలన్న కోరిక మాత్రం చిన్నప్పటి నుంచీ ఉండిపోయింది.

మొదటి చాకు జుమేరాత్ బజారులో కొన్నాడు. దాని మీద పులి బొమ్మ, పిడికి తళతళలాడే ఇత్తడి తొడుగు. ఫారిన్ మాల్ అని చెప్పి అంటగట్టారు. వారం రోజులు దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. ఎనిమిదో రోజు నేను మంచం నులక విప్పుతుంటే ఒక ముడి రాలేదు. "ఇటియ్యుండ్రి మీ పులి చాకు" అని తీసుకుని ముడి మీద పెట్టి గట్టిగా లాగాను. ముడి అలాగే ఉంది, బ్లేడు మాత్రం పిడిలోంచి ఊడి నేల మీద పడింది. పిడిలోకి చూస్తే నిండా లక్క. మంచి చాకుకు బ్లేడు ఇనుము తోకలా సాగి పిడి చివరిదాకా పోవాలి. దీని తోక బొటనవేలంత కూడా లేదు. ఆయన మొహం చూసి నవ్వు ఆపుకున్నాను. చాలాసేపు ఆ రెండు ముక్కల్నీ చేతుల్లో పట్టుకుని కూర్చుని, "వస్తువును జూసి కొన్న. గదే తప్పయింది. ముందు మనిషిని జూడాలె" అన్నాడు.

ఆ తర్వాత ఏడాదిపాటు చాకు కొనలేదు. సెలవు దొరికితే సైకిలెక్కి చేసేవాళ్ళను చూడబోయేవాడు. ఒకాయనకు పెద్ద బజారులో అద్దాల అల్మారాల దుకాణం. ఎక్కడ చేయిస్తారని అడిగితే కార్ఖానా చాలా దూరం అని మాట మార్చాడట. పని జరిగే చోటు చూపించనివాడి దగ్గర మా ఆయన రెండోసారి ఆగలేదు. ఇంకొకాయన ఏది అడిగినా "హో జాతా" అనేవాడు. పొడుగు కావాలంటే హో జాతా, వంపు కావాలంటే హో జాతా, వారంలో కావాలన్నా హో జాతా. "గిన్నిటికి అవునన్నోనికి ఏ పని మీద మనసున్నట్టు?" అని దండం పెట్టి వచ్చేశాడు. నాకు మాత్రం ఆయన పిల్లకు వరుణ్ణి వెతుకుతున్న తండ్రిలా కనిపించేవాడు. ఆ మాటే అంటే కోపం తెచ్చుకున్నాడు కూడా.

చివరికి హుస్సేనీ ఆలంలో ఒక సన్నని గల్లీ చివర దొరికాడు ఆయన వెతుకుతున్న మనిషి. అప్పటికే అరవై దాటిన ముసలాయన. ముందు వసారా, వసారా వెనక ఒక గోనె పరదా, ఆ పరదా వెనక కొలిమి, దాని వెనక ఇల్లు. బోర్డు లేదు. శికారీల చాకులు మాత్రమే చేసేవాడు. మా ఆయన వెళ్ళి చాకు కావాలంటే తలెత్తి చూసి, "ఏం కోస్తవ్ మియా దీంతోని?" అని అడిగాడట. మా ఆయనకు అబద్ధం రాదు.

"ఏం కొయ్యను చాచా. దగ్గర వెట్టుకుంట, జూస్కుంట."

"గట్లయితే బొమ్మల దుకాణం చార్మినార్ దిక్కున్నది. ఆడికి పో."

మా ఆయన మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాడు. ఆ పై ఆదివారం కూడా. మూడోసారి వసారా మూలలో విరిగిన బ్లేడుల కుప్ప కనిపిస్తే, ఇవన్నీ ఎవరు విరగ్గొట్టారని అడిగాడు. "ఇంకెవరు? నేనే" అన్నాడు ముసలాయన. చేసిన ప్రతి బ్లేడునూ బల్లకు బిగించిన ఇనప పట్టులో పెట్టి వంచుతాడట. వంచితే వంగి, వదిలితే మళ్ళీ సూటిగా రావాలి. రానిదాన్ని అక్కడికక్కడే సుత్తెతో విరిచి కుప్పలో వేస్తాడు. ఆ రోజు మా ఆయన ఇంటికి వచ్చిన తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. చెప్పులు విడవకుండానే వంటింటి గడపలో నిలబడి, "దొరికిండే! తప్పును దాసుకోని మనిషి దొరికిండు" అన్నాడు.

ఆ కుప్ప గురించి అడిగినవాణ్ణి ముసలాయన మళ్ళీ పొమ్మనలేదు; ఆయన చేసిన మొదటి చాకు అయిదు నెలలకు వచ్చింది. దాని మీద ఏ బొమ్మా లేదు. దుప్పి కొమ్ము పిడి, మూడు ఇత్తడి మేకులు, పిడి దగ్గర బ్లేడు మీద గోరంత మామిడి పిందె ముద్ర. అది ముసలాయన ముద్ర. చాకును ఎలా చూడాలో మా ఆయన నాకు ఆ పూటే నేర్పాడు. కంటి ముందు పెట్టుకుని వీపు వెంట చూస్తే గీత గీసినట్టు ఉండాలి. పిడీ బ్లేడూ కలిసేచోట కిటికీకి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు దూరకూడదు. పిడి మీద కళ్ళు మూసుకుని వేలు జరిపితే మేకు ఎక్కడుందో తెలియకూడదు. ఇవన్నీ కుదిరినా, అసలు సంగతి బ్లేడుకు పదును పట్టించడంలో ఉందని ఆయన అనేవాడు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గాజులా పెళుసవుతుంది. దాన్ని మళ్ళీ మెల్లగా వేడిచేస్తే పైన రంగులు పాకుతాయి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమరంగు, ఊదా, నీలం. సరైన రంగు అంచుకు చేరిన క్షణంలో నీళ్ళలో ముంచాలి. రెండు క్షణాలు ముందైతే విరుగుతుంది, రెండు క్షణాలు ఆలస్యమైతే మొద్దుబారుతుంది. "మా కాడ వేడిని కొలిచే మిషన్లున్నయ్. అయినా తప్పులు వోతయ్. చాచాకు ఏమున్నది? ఉత్త కన్ను! గసుంటి కన్ను ఇంకొకరికి లేదు" అని ఫ్యాక్టరీలో కూడా చెప్పుకునేవాడు.

రెండో చాకు నాటి నుంచి నేనూ ఆయనతో వెళ్ళడం మొదలుపెట్టాను. మగవాళ్ళు వసారాలో కూర్చుంటే, ముసలాయన భార్య నన్ను పక్క దారిన లోపలికి పిలిచేది. నేను ఆమెను చాచీ అనేదాన్ని. యాభై అయిదేళ్ళుంటాయి. సన్నని మనిషి, తక్కువ మాట. సాసరులో టీ పోసిచ్చి, నేను కుట్టుకున్న జాకెట్టు కాజాలను వేలితో తడిమి చూసేది. కుర్తా కత్తిరించడం నేర్పమంది, నేర్పాను. ఒకసారి చూపిస్తే చాలు, ఆమె చేతికి వచ్చేసేది. ఇరవై ఏళ్ళు పిల్లలకు కుట్టు నేర్పినదాన్ని, ఒక చెయ్యి చేసిన పని ఇంకొక చోట కనిపిస్తే పోల్చుకోగలను. చాచీ కాజా చివర దారం ముడిచే తీరు చూస్తుంటే మా ఇంట్లో చాకు పిడి మీద అరగదీసిన మేకులు గుర్తుకొచ్చేవి. ఆమె చేతుల మీద గోధుమగింజలంత కాలిన మచ్చలు ఉండేవి. వంటింటి మచ్చలనుకున్నాను.

ఆలోగా వేట మీద నిషేధం వచ్చింది. శికారీలు రావడం మానేశారు. దుప్పి కొమ్ము పోయి శీశం చెక్క పిడులు వచ్చాయి. బక్రీదుకు ముందు కసాయివాళ్ళ కత్తులు, మిగతా కాలమంతా మా ఆయనలాంటి పదిమంది సేకరించేవాళ్ళు అడిగే చాకులు. వాటి మీదే ఆ ఇల్లు నడిచేది.

మూడో చాకు చేయమని చెప్పిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను లోపల టీ తాగుతుంటే కొలిమిలోంచి "సునో" అని ముసలాయన పిలుపు వినిపించింది. చాచీ గబగబా లేచి వెళ్ళింది. సాసరు ఎక్కడ పెట్టాలో తెలియక నేనూ వెనకే వెళ్ళి తలుపు దగ్గర ఆగిపోయాను. పట్టపగలైనా కొలిమి గది చీకటిగా ఉంది. రంగులు చీకట్లోనే తెలుస్తాయట. ముసలాయన పట్టకారుతో బ్లేడును నిప్పుల పైన పట్టుకుని, మొహం గోడవైపు పెట్టుకుని నిలబడ్డాడు. బ్లేడు వైపు చూడటం లేదు. చూస్తున్నది చాచీ. మోకాళ్ళ మీద కూర్చుని, మొహం నిప్పుకు జానెడు దూరంలో పెట్టి, రెప్ప వేయకుండా చూస్తోంది. "అబ్బీ నై", ఇంకా కాలేదు, అంది మెల్లగా. కొంచెం ఆగి మళ్ళీ "అబ్బీ నై" అంది. ఆ తర్వాత "హాఁ" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే ముసలాయన బ్లేడును నీళ్ళలో ముంచాడు. పరదా అవతల వసారాలో మా ఆయనకు ఆ చుయ్‌మన్న చప్పుడు వినిపించి ఉంటుంది. "వాహ్ చాచా!" అన్నాడు.

చాచీ వెనక్కి తిరిగి నన్ను చూసింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ముసలాయనకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ చేయిస్తే అది పూర్తిగా పోయింది, రెండోదానికి ఆయన ఒప్పుకోలేదు. ఎదురుగా ఉన్న మనిషి ఆకారం తెలుస్తుంది, రంగు తెలియదు. సుత్తె దెబ్బ మాత్రం ఇప్పటికీ ఆయనదే, చెయ్యి మరిచిపోలేదు. పిడులు ముప్పై ఏళ్ళుగా ఆమే చేస్తోంది. రంగు చూడటం ఈమధ్య వచ్చిన పని.

"నీ ఆద్మీకి జెప్పకు బేటీ. నా మీద ఖసం" అంది. "ఆయన పేరు మీదనే నలుగురు ఒస్తున్రు. ఆడిది జూసి జెప్తున్నదని తెలిస్తే ఒక్కడు గూడ ఈ గల్లీల అడుగు వెట్టడు."

చెప్పనని ఆమె చేతిలో చెయ్యి వేశాను. నాలుగేళ్ళు ఆ మాట మీదే ఉన్నాను. మూడో చాకు వచ్చింది, నాలుగోది వచ్చింది. మా ఆయన వాటిని కిటికీ దగ్గర పట్టుకుని చాచా కన్ను గురించి పొగుడుతుంటే నేను పళ్ళెంలో బియ్యం ఏరుతూ తల ఎత్తేదాన్ని కాదు.

అయిదో చాకు చెప్పి ఎదురుచూస్తున్న రోజుల్లో ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒకాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన కూడా సేకరించేవాడే, ముసలాయన దగ్గర రెండు తీసుకున్నాడు. "అన్నా, గా పెద్దాయనకు కండ్లు వోయినయంట. చాయ్ కప్పు వట్టుకోవోయి గాలిని వట్టుకున్నడు, నేనే జూసిన. ఇగ ఆయన పని అయిపోయింది. నేనైతే వద్దని జెప్పొచ్చిన, మిగిలినోళ్ళు గూడ గదే అంటున్రు. నువ్వు గూడ జెప్పు" అన్నాడు. మా ఆయన ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తెల్లారి నాతో అన్నాడు:

"పాపం అనిపిస్తున్నది గని, మనిషిని జూసి కొంటనని నేనే అంటి. గా మనిషి కన్నే వోయినంక ఇంకేం జూసి కొనాలె? ఆదివారం వోయి మెల్లగ జెప్తొస్త."

నేను ఆ రోజు బడికి సెలవు పెట్టి ఒక్కదాన్నే హుస్సేనీ ఆలం వెళ్ళాను. చాచీకి సంగతి చెప్పి, నిజం చెప్పనియ్యమని అడిగాను. ఆమె బియ్యం కడుగుతోంది. కడగడం ఆపలేదు. "పని వోతే పోనీ. నలభై ఏండ్ల ఇజ్జత్ వోవద్దు" అంది.

ఇంటికి వచ్చేదాకా ఒకటే ఆలోచన. చెప్పకపోతే ఆ ఇంటి పొయ్యి ఆరిపోతుంది. చెబితే ఒట్టు తప్పుతాను. శనివారం సాయంత్రం నాలుగు చాకుల్నీ తీసి చాప మీద వరసగా పెట్టి, "వీటిల ఏది మంచిది?" అని మా ఆయన్ని అడిగాను. ఒక్కొక్కటీ ఎత్తి చూసి, తడబడకుండా మూడోదాన్నీ నాలుగోదాన్నీ ముందుకు జరిపాడు. "మొదటియి మంచియే. గని గీ రెండింటి పదును వేరే."

"గా రెండు జేసేనాటికే చాచాకు రంగు కనవడ్తలేదు" అన్నాను. అన్నీ చెప్పేశాను. ఒట్టు సంగతి కూడా.

ఆయన చాకుల్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. తర్వాత ఎప్పటికో, "ఏడాది తిరిగి మనిషిని ఎతికిన. వసారాలనే గూసున్న, పరదా అవుతల ఎవరున్నరని ఒక్కసారన్న అడగకపోతి" అన్నాడు. ఆయన గొంతు అలా పలకడం మామగారు పోయినప్పుడు తప్ప నేను వినలేదు.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. నేను లోపల చాచీ పక్కన కూర్చున్నాను. పరదా అవతల మా ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది. "చాచా, అయిదోది నాకు కావాలె. తొందర లేదు. గని ఒక్క మాట. జేసినోళ్ళ ముద్ర నాకు పూర్తిగ కావాలె. ఒక్కరిదే అయితే సగమే అయితది." చాచీ నావైపు చూసింది. అలాంటి చూపు ఇంతకుముందు ఆమె కళ్ళలో లేదు. నేను చాప అంచులు చూస్తూ కూర్చున్నాను. ముసలాయన నవ్వినట్టు దగ్గి, "ఎన్నేండ్ల సంది నేను గూడ గదే జెప్తున్న. వినదు. ఆమెనే అడుగు" అన్నాడు. చాచీ లేచి కొలిమిలోకి వెళ్ళిపోయింది.

అయిదో చాకు ఎనిమిది నెలలకు వచ్చింది. శీశం పిడి, మూడు మేకులు. పిడి దగ్గర మామిడి పిందె ముద్ర, దాని పక్కనే ఇంకో మామిడి పిందె ముద్ర, కొంచెం పక్కకు ఒరిగి. రెండూ ఒకే అచ్చుతో వేసినవి. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో అన్ని పనులూ చేసిన చాచీ, ముద్ర వేయడం ఒక్కటే ఏనాడూ చేయలేదట. ముసలాయన సుత్తె ఆమె చేతికిచ్చి, అచ్చు తను పట్టుకుని కొట్టించాడు. చాకును చాచీ మా ఆయనకు పంపలేదు, నా చేతిలో పెట్టింది. "తీస్కో. నీ నోరు ఆగకపాయె" అంది. అందులో కోపం ఎంతో, మన్నింపు ఎంతో నాకు తెలియలేదు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా టీ ఇచ్చింది, కుట్టుపని అడిగింది, నా పిల్లల క్షేమం అడిగింది. కొలిమి గది తలుపు మాత్రం నేనున్నప్పుడు మూసే ఉండేది.

మా ఆయన ఆ చాకును ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాడు. రెండు ముద్రలెందుకని అడిగితే ఇద్దరు చేశారని చెప్పాడు. ఫోర్‌మన్ పగలబడి నవ్వాడు. తర్వాత ఏమనుకున్నాడో ఏమో, మళ్ళీ వెళ్ళి ఒకటి చేయమని చెప్పాడు. ఇంకో ముగ్గురు వెళ్ళారు. మిగిలినవాళ్ళు చాచీ అన్నట్టే ఆ గల్లీలో మళ్ళీ అడుగుపెట్టలేదు. రెండేళ్ళు ఆ కొలిమి అలా నడిచింది.

ఎనభైల మొదట్లో ఒక చలికాలం ముసలాయన పోయాడు. నలభయ్యో రోజు తర్వాత మేము వెళ్తే, మా ఆయన పరదా ఇవతలే నిలబడి, "చాచీ, కొలిమి మీరు నడపుండ్రి. సుత్తె వట్టే మనిషిని నేను ఎతుకుత" అన్నాడు. పరదా అవతల నుంచి జవాబు వచ్చింది. "నేను హాఁ అనంగనే ముంచే చెయ్యి ఏడ దొరుకుతది బేటా?" ఆరు నెలలకు ఆమె సామాను సర్దుకుని బీదర్‌లో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నాకు కబురు పెట్టలేదు. ఆ తర్వాత మా ఆయన చాకు కొనలేదు.

ఆయన పోయి కూడా పన్నెండేళ్ళయింది. ముప్పై ఏళ్ళ వయసులో, చెప్పడమే న్యాయమని ఎంత గట్టిగా నమ్మానో ఇప్పుడు అంత గట్టిగా నమ్మలేను. చెప్పకుండా ఉండాల్సిందనీ అనలేను. ఏళ్ళు గడిస్తే ఇలాంటివి వాటంతటవే తేలిపోతాయని ఒకప్పుడు అనుకునేదాన్ని. తేల్చి చెప్పగలిగిన మనుషుల్ని ఒక్కొక్కరినీ తీసుకుపోయి, కాలం నాకు ఆ ప్రశ్నను మాత్రం వదిలిపెట్టింది.